డాక్టరైన పిమ్మట చదువేల?

మన మండలములో చదువునకు విలువకట్టు పద్ధతి యొకటి కలదు. ఎన్ని యేండ్లు చదివెను? ఏ యేట జీతము మొదలాయెను? ఈ రెండు సంగతులు తెలిసినచో రచ్చకట్టమీది పెద్దలు ఆ చదువు మంచిదో కాదో తీర్పు చెప్పగలరు. ఈ పద్ధతిని మేము పరిహసింపము. నైరుతి ఋతుపవనమును పడమటి కనుమలు అడ్డగించుటచేతను, తూర్పు సముద్రము దూరమగుటచేతను ఈ పీఠభూమికి దక్కు వాన సంవత్సరమునకు సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. అదియైనను వేళకు వచ్చునను నమ్మకము లేదు. వేరుసెనగ యూడలు దిగు దినములలో రెండు మూడు వారములు మబ్బులు తేలిపోయినచో పంట పోయి అప్పు మాత్రము మిగులును. అట్టి యింటి తండ్రి తన కుమారునికి జీతమెప్పుడు వచ్చునని యడుగుట ధనాశ గాదు. ఇల్లు నిలుపుకొను చింత.

ఇట్టి తండ్రి యొకరు, మా పూర్వవిద్యార్థి యొకని తండ్రిగారు, నిరుడు మమ్ము బస్సు స్టాండులో కలిసికొని, "అయ్యవారూ, మావాడు డాక్టరైనాడని మీరే చెప్తిరి గదా. మల్లా ఇంగా ఏం సదవల్ల?" అని యడిగిరి. ఆ యువకుడు రసాయనశాస్త్రమున డాక్టరేటు పొంది, ముప్పదియవ యేట వేరొక దేశమున పోస్ట్ డాక్టరల్ పరిశోధకుడుగా చేరియున్నాడు. బస్సు కదలుచుండగా చెప్పి ముగింపదగిన సమాధానము కాదు. కావున ఆయనకును, ఆయనవంటి తల్లిదండ్రులకును, పదవ తరగతి ముగించి ఏ దారి పట్టుదుమా యని యోచించు మా విద్యార్థులకును ఈ పత్రికాముఖమున మా యభిప్రాయమును విన్నవించుచున్నాము.

మొదట పేరు సంగతి. పోస్ట్ డాక్టరల్ అను దానికి మన పల్లెలలో వాడుకపడిన తెలుగుమాట లేదు. పట్టణములలో పోస్ట్ డాక్ అని పొట్టిగా పిలుచుచున్నారు. డాక్టరేటనగా నొక గురువు చేతిక్రింద నొక ప్రశ్నను పట్టుకొని నాలుగైదేండ్లు, ఒక్కొక్కప్పుడంతకన్న నెక్కువ కాలము, పాటుపడి, కనుగొన్నదానిని గ్రంథముగా వ్రాసి పెద్దలచే నొప్పించుకొనుట. ఆ పట్టము చేతికి వచ్చినవాడు పరిశోధన చేయ నేర్చినవాడని యర్థమే గాని, తన సొంత పరిశోధనశాలను నడపగలవాడని కాదు. ఈ రెంటి నడుమ రెండు మూడేండ్లు, కొందరు ఐదారేండ్లు, వేరొక ఆచార్యుని శాలలో క్రొత్త పరికరముమీద క్రొత్త ప్రశ్నతో పనిచేయుదురు. దీనికి పరీక్ష లేదు, మార్కులు లేవు, చివరకు పట్టమైనను లేదు. చదువని పిలుచుట కంటె, పని నేర్చిన వడ్రంగి తన సొంత కొట్టము పెట్టుకొనుటకు ముందు మరియొక పెద్ద మేస్త్రియొద్ద చేయి తిప్పుకొనుట యని చెప్పిన సరిగా నుండును.

ఇక నాతడు చేయు పని. ఆ శాఖను ఆంగ్లమున రియాక్షన్ డైనమిక్స్ అందురు. మన పుస్తకములలో హైడ్రోజను, క్లోరిను కలిసి హైడ్రోజను క్లోరైడగునని వ్రాసి నడుమ నొక బాణపుగుర్తు వేసియుండును. ఎడమవైపున నేమున్నది, కుడివైపున నేమి వచ్చినది యని మన పిల్లలు వల్లింతురు. ఇంటర్మీడియటులో ఆ చర్యకెంత కాలము పట్టునను లెక్కయు నేర్తురు. ఆ బాణపుగుర్తు లోపల నేమి జరుగుచున్నదని యడుగువారు తక్కువ. ఏ పరమాణువు ఏ వైపునుండి ఎంత వేగముతో వచ్చి ఏ యణువును తాకెను? తాకి వెనుకకు త్రుళ్లెనా, ప్రక్కగా దూసికొనిపోయెనా? పుట్టిన క్రొత్త యణువు బొంగరమువలె తిరుగుచున్నదా, తంబురతీగెవలె కంపించుచున్నదా? విడుదలయైన శక్తి యెవరి వాటాకెంత వచ్చెను? ఇవి ఆ శాస్త్రపు ప్రశ్నలు.

ఈ ప్రశ్నలకు గాజుకుప్పెలో సమాధానము దొరకదు. కదిరి తేరునాడు మిద్దెమీద నిలిచి చూచువానికి జనము కదలుట కనబడునే గాని, ఎవరి భుజమెవరికి తగిలెనో తెలియదు. మనము పీల్చు గాలిలో నొక్కొక్క యణువు సెకనుకు కొన్ని వందల కోట్ల మారులు తోటియణువులను తాకుచున్నది. చర్య ముగిసి మనము చూచునప్పటికి మొదటి తాకుడు గుర్తులనన్నింటిని తరువాతి తాకుడులు చెరిపివేసియుండును. కావున శాస్త్రజ్ఞులు తేరు జనమును విడిచి, ఎండిన చెరువు నడుమ ఇద్దరే బాటసారులను ఎదురుపరచినట్లు, రెండణువులను మాత్రమే ఒక్కమారు కలుపు ఉపాయమును వెదకిరి.

ఆ యుపాయ మిది. ఒక ఉక్కుపెట్టెనుండి గాలిని పంపులచే తోడివేసి, సామాన్యపు గాలియొత్తిడిలో నూరుకోట్లవ వంతుకన్న తక్కువ మిగులునట్లు చేయుదురు. అందులోనికి సన్నని రంధ్రములగుండ రెండు వాయువుల ధారలను ఒకదానికొకటి యడ్డముగా విడుతురు. ధారలు కలియుచోట నొక అణువు మరియొకదానిని ఒక్కసారి తాకును. రెండవసారి తాకుటకు దగ్గరలో వేరొకటి యుండదు. చెదరిపోవు ముక్కలు ఏ కోణమున నెన్ని వచ్చినవో, ఎంత వేగమున వచ్చినవో, చుట్టును త్రిప్పుటకు వీలైన పట్టుపరికరముచే లెక్కింతురు. 1960 ప్రాంతమున కాలిఫోర్నియాలో హెర్ష్‌బాక్ అను నాచార్యుడు పొటాషియము పరమాణువుల ధారను మిథైల్ అయొడైడు ధారమీదికి విడిచి, పుట్టిన పొటాషియము అయొడైడు గోడకు కొట్టిన బంతివలె వెనుకకు త్రుళ్లుచున్నదని చూపెను. కాని యానాటి పట్టుపరికరమున కొక లోపముండెను. అది కాచిన లోహపుతీగె. పొటాషియమువంటి క్షారలోహములు తగిలినప్పుడే దానినుండి విద్యుత్ప్రవాహము వచ్చెడిది. తక్కిన మూలకముల విషయమున నది గ్రుడ్డిది.

ఆ గ్రుడ్డితనమును పోగొట్టినవారిలో ముఖ్యుడు ఒక పోస్ట్ డాక్టరల్ పరిశోధకుడు. అందుచేతనే యీ కథను కొంచెము విస్తరించి చెప్పుచున్నాము. యువాన్ లీ యను నాతడు 1936లో తైవాను ద్వీపమున జన్మించెను. తండ్రి చిత్రకారుడు, తల్లి బడిపంతులమ్మ. తైవానులోనే చదివి, అమెరికా వెళ్లి, 1965లో బర్కిలీయందు డాక్టరేటు పొందెను. పట్టము చేతికి వచ్చినను ఉద్యోగమునకు పోక, అదే శాలలో నిలిచి యంత్రములు కట్టుచుండెను. 1967 ఫిబ్రవరిలో, అప్పటికి హార్వర్డుకు మారియుండిన హెర్ష్‌బాక్ యొద్దకు వచ్చెను. తన కాలములో సగము వేరొక ప్రయోగమునకిచ్చి, మిగిలిన సగములో, తోటివారిద్దరితో గూడి, ఏ యణువునైనను పట్టగల యంత్రమును నిర్మింపబూనెను. వచ్చిన యణువును ఎలక్ట్రానులతో కొట్టి విద్యుదావేశము గలదానినిగా చేసి, బరువునుబట్టి వేరుపరచి లెక్కించుట దానిలోని కీలకము. చెప్పుట సులభమే. పెట్టెలో మిగిలిన గాలి తానును లెక్కలోనికి వచ్చి, నిజమైన గుర్తును ముంచివేయును. పట్టుపరికరమున్న గది పెట్టెకన్నను వేల రెట్లు శూన్యముగా నుండవలయును. పది నెలలలో యంత్రము సిద్ధమై, క్లోరిను పరమాణువునకును బ్రోమిను అణువునకును నడుమ జరుగు చర్యను కొలిచెను. అది మొదలు ఆ శాస్త్రము క్షారలోహములను దాటి, మంటలలోను ఆకాశములోను జరుగు చర్యలదాక విస్తరించెను. 1986లో హెర్ష్‌బాక్, లీ, పొలాన్యీ యను మువ్వురకు రసాయనశాస్త్రమున నోబెల్ బహుమానము వచ్చెను.

బహుమానపు మాట యటుంచుడు. అది పందొమ్మిదేండ్లకు పిమ్మట వచ్చినది. రాకున్నను యంత్రము యంత్రమే. యంత్రము కట్టుచుండిన నాడు ఆయనకు ముప్పదియేండ్లు. స్థిరమైన యుద్యోగము లేదు. సొంత శాల లేదు. మన రచ్చకట్టయొద్ద ఆయన జాతకమును చూపి తీర్పడిగినచో ఏమి చెప్పియుందురో మేము వేరుగా వ్రాయనక్కరలేదు.

ఈ కథలో మా కన్నిటికంటె నచ్చినది వేరొక సంగతి. నోబెల్ బహుమానము పొందిన వారు వ్రాసియిచ్చు స్వీయవృత్తాంతములో లీ, హార్వర్డు యంత్రశాల పెద్దమేస్త్రి జార్జి పిసియెల్లో చేసిన సహాయమును పేరుపెట్టి చెప్పెను. సిద్ధాంతము పుస్తకములో దొరకును. సందులేని యతుకు మేస్త్రి చేతిలో నుండును. అట్టి పెట్టెకు వెంట్రుకవాసి సందున్నను పని సాగదు. సైకిలు పంక్చరు వేయువాడు ట్యూబును నీళ్లతొట్టిలో ముంచి బుడగకొరకు చూచునట్లు, వీరు బయటనుండి ప్రతి యతుకుమీదను హీలియము వాయువును చిమ్ముచు లోపల హీలియము కనబడునా యని చూచుచు వారములు గడుపుదురు. డాక్టరైనవాడు రెంచీ పట్టుకొని బోల్టులు బిగించుట చూచినచో మనవారికి నవ్వు వచ్చునేమో. మా కట్లు తోచదు. పుస్తకపు విద్య యొకరికి, చేతిపని యింకొకరికి అని పంచి పెట్టుకొన్న మన యలవాటే నవ్వదగినది.

లీ తైవానువాడు, మనకేమి యనువారు గలరు. తెలుగువారిలో నిట్టి యేండ్లు గడిపినవారు లేకపోలేదు. 1895లో భీమవరమున జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారి పేరు మా విద్యార్థులు వినియుందురు. మద్రాసులో వైద్యము చదివి, మామగారి సహాయముతో సముద్రము దాటి, హార్వర్డులో చేరి, పొట్టకూటికై ఆసుపత్రిలో రాత్రిపూట సేవకుని పని చేయుచు ఫిస్కె యను ఆచార్యునికడ జీవరసాయనశాస్త్రమున పరిశోధన చేసిరి. రక్తములోను, ఇతర ద్రవములలోను ఎంత భాస్వరమున్నదో నీలిరంగునుబట్టి కొలుచు పద్ధతిని వా రిరువురును 1925లో ప్రకటించిరి. నేటికిని దానికి వారిద్దరి పేరే యున్నది.

ఆ రంగే మరియొక వింతను బయటపెట్టినది. శుద్ధమైన ఫాస్ఫేటుతో చేసినపుడు నీలిరంగు కొలది నిమిషములలో పూర్తిగా వచ్చుచుండెను. కండరమునుండి తీసిన రసముతో చేసినపుడు మాత్రము మెల్లమెల్లగా, ఆలస్యముగా వచ్చుచుండెను. తొందరపడువాడు కుప్పె సరిగా కడుగలేదనుకొని పారబోసియుండును. ఫిస్కె, సుబ్బారావులు ఆ యాలస్యమునే ప్రశ్నగా తీసికొనిరి. రంగు నిదానముగా వచ్చుచున్నదనగా, ఫాస్ఫేటు దేనికో కట్టుబడియుండి, ఆమ్లములో ఆ కట్టు కొంచెము కొంచెముగా విడిపోవుచున్నదని గ్రహించిరి. కండరమునకు తక్షణశక్తి నిచ్చు ఫాస్ఫోక్రియాటిన్ ఇట్లు 1927లో లోకమునకు తెలిసెను. రెండేండ్లకు ఏ.టి.పి. సంగతియు వారు ప్రకటించిరి. చర్య యెంతసేపు పట్టుచున్నదని గడియారము పట్టుకొని చూచుటచేతనే యిది దొరకినది. అణుధారల శాస్త్రము ఇదే ప్రశ్నకు దూరపు మనుమరాలు.

సుబ్బారావుగారు 1930లో డాక్టరేటు పొందిరి. ఆ పిమ్మట పదియేండ్లు హార్వర్డులోనే పనిచేసినను స్థిరమైన పదవి దక్కలేదు. 1940లో లెడర్లీ యను మందుల కంపెనీకి పరిశోధనకై వెళ్లి, 1948లో మరణించులోపల ఫోలికామ్లము, బోదకాలువ్యాధికి ఇచ్చు డైఇథైల్ కార్బమజీన్ మొదలైనవి తమ నాయకత్వమున వెలువరించిరి. ఈ యుదాహరణమును మేము ఓదార్పుగా చెప్పుట లేదు. అంతటివానికి పదియేండ్లు పీఠము చూపని విద్యాలయము తప్పుచేసినదనియే మా నమ్మకము. ఓర్పు గొప్పదని కథచెప్పి యన్యాయమును దాచుట మాకు సమ్మతము కాదు.

ఇంకను దగ్గరకు వత్తము. అనంతపురమునకు రెండువందల పైచిలుకు కిలోమీటర్ల దూరమున బెంగుళూరులో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సు కలదు. మన పిల్లలు రైలుదిగి ఉద్యోగములకు పోవు ఊరే. అచ్చట షాక్ ట్యూబు అను పొడవైన లోహపుగొట్టములు గలవు. గొట్టమును నడుమ పలుచని లోహపురేకుతో మూసి, ఒకవైపున హీలియమును ఎక్కువ యొత్తిడితో నింపుదురు, రేకు పగులును, ఉరుమువంటి యఘాతతరంగము రెండవవైపునకు పరుగెత్తి అక్కడి వాయువును రెప్పపాటులో వేయి డిగ్రీలకు పైగా వేడిచేయును, సెకనులో వేయవవంతు ప్రాంతమున నది మరల చల్లబడును. అంతలో నే యణువు ఎట్లు విరిగినదో, లోపలి వాయువును తీసి పరీక్షింతురు. ఈ గొట్టముమీద డాక్టరేటు పరిశోధన చేసిన బి. రాజకుమార్ గారు పిమ్మట అమెరికాలోని బౌల్డరు నగరమున నోవా యను ప్రభుత్వ సంస్థ ప్రయోగశాలలో పోస్ట్ డాక్టరల్ పరిశోధన గావించి, మద్రాసు ఐ.ఐ.టి.లో ఆచార్యులై, అచ్చట వాతావరణచర్యలను కొలుచు శాలను నడుపుచున్నారు. బౌల్డరులో ఆ పనికి పెద్దయై యుండిన రవిశంకరగారు మైసూరు విశ్వవిద్యాలయమున చదివినవారే.

బౌల్డరులో కొలిచినదేమి? సూర్యకాంతి, ఓజోను, నీటియావిరి కలిసినపుడు గాలిలో హైడ్రాక్సిల్ అను మిక్కిలి చురుకైన కణము పుట్టును. మనము ఆకాశములోనికి విడుచు అనేక వాయువులను మొదట పట్టి విరుగగొట్టునది యిదే, ఆకాశపు పాకీదానివంటిది. ఒక వాయువును ఇది యెంత త్వరగా పట్టునో, అంత త్వరగా ఆ వాయువు గాలినుండి తొలగును. దానిని కొలుచుటకు ఒక లేజరు వెలుతురుతో హైడ్రాక్సిల్ కణములను పుట్టించి, మరియొక లేజరుతో అవి యెంతసేపటికి తరిగిపోవునో చూతురు. ఇది పండితుల వినోదము కాదు. కార్లలోను ఫ్రిజ్జులలోను చల్లదనమునకు వాడిన హెచ్.ఎఫ్.సి. 134ఎ అను వాయువు గాలిలో సుమారు 14 సంవత్సరము లుండి భూమిని వేడెక్కించును. దానికి బదులు తెచ్చిన హెచ్.ఎఫ్.ఓ. 1234వైఎఫ్ రెండు వారములైనను నిలువదు. ఈ తేడాను కనిపెట్టినది గడియారమే; ఆ గడియారమును చదివినవారిలో పోస్ట్ డాక్టరల్ యువకు లనేకులు. 2016లో కిగాలీ నగరమున లోకములోని దేశములు ఏ వాయువులను తగ్గింపవలెనని యొప్పుకొన్నవో, ఆ యొప్పందము వెనుక ఇట్టి సంఖ్యల పట్టికలు కలవు. ఎండ డిగ్రీ పెరిగిన మొదట బాధపడు నేల మనదే గావున, ఆ పట్టికలు మనకు దూరపు సంగతులు కావు.

కాని యీ విద్యను పొగడి, మా పిల్లలందరు దానికి పొండని చెప్పి చేతులు దులుపుకొనుట ఉపాధ్యాయధర్మము కాదు. జీతపు సంగతి దాపరికము లేకుండ చెప్పవలయును. మన దేశమున ఇట్టివారిని అనేకచోట్ల రీసెర్చి అసోసియేట్లందురు. 2023 జనవరి 1 మొదలు అమలగునట్లు కేంద్రప్రభుత్వము వారికి నిర్ణయించిన నెలవారీ వేతనము మూడంతరములలో 58,000, 61,000, 67,000 రూపాయలు, ఇంటియద్దె వేరు. తక్కువ మొత్తమని మే మనము. మన మండలములో ఇది పెద్ద జీతమే. కాని యది రెండు మూడేండ్లకు మాత్రమే. డబ్బు నెలనెలకు రాక, మూడు నాలుగు నెలలకొకమారు వచ్చిన సందర్భములు పరిశోధకుల నోట పలుమారు విన్నాము. అట్టివారు అంతవరకు ఇంటియద్దె ఎట్లు కట్టుదురో, ఊరిలోని తల్లికి మందులకేమి పంపుదురో విడుదలచేయువా రొకమారైన యాలోచింపవలదా? ఋణములేని యింటివాడు నాలుగు నెలలు ఓర్చుకొనును. మన పిల్లవాడు ఓర్చుకొనలేడు. రెండవ నెలలోనే కోచింగు సెంటరులో పాఠములు చెప్పుటకు దిగును. ఉక్కుపెట్టె యటనే యుండును. దానిలోని శూన్యము చెడిపోవును.

ఇంకొక చేదుమాట. కొన్ని శాలలలో, స్వదేశమందైనను విదేశమందైనను, పోస్ట్ డాక్టరల్ యువకుని చౌకగా దొరకిన చేతులుగా మాత్రమే చూతురు. అతడు కట్టిన యంత్రముపై పేరు వేరొకరిది. ఒప్పందము ముగియగానే వేరొక దేశము, వేరొక గది, మరల మొదటినుండి. పెండ్లియైన స్త్రీల కష్టము చెప్పనే యక్కరలేదు. ఇంట బిడ్డ పుట్టినయేడే ఊరు మారవలసివచ్చినచో మానుకొనువారు వారే. కడను దొరకు ఆచార్యపదవులు, కోరువారికన్న మిక్కిలి కొలది. కావున అప్పులున్న యింటి బిడ్డ మా సలహా నడిగినచో, ఈ సంగతులన్నియు చెప్పి, తల్లిదండ్రుల నెదుట కూర్చుండబెట్టి, ఎన్నియేండ్లకు ఎంత సొమ్ము చాలునో కాగితముమీద వేయించుటయే మేము చేయు మొదటి పని. ఆ లెక్క చూచి వద్దనుకొన్న వానిని పిరికివాడని యనము.

అయినను ఆ లెక్కకు భయపడి మనవారెల్లరు తప్పుకొన్నచో నేమగును? ఈ యంత్రములయొద్ద కలిగినయింటి పిల్లలు మాత్రమే మిగులుదురు. వారు తెలివిలేనివారని కాదు. ఏ ప్రశ్న నడుగవలెనని నిర్ణయించువాడు తన యింటి కిటికీనుండి కనబడినదానినే మొదట అడుగును. బోరుబావి నీటిలోని ఫ్లోరైడు, ఎండకు తగులబడు పొలపు చెత్త పొగ, వానలేని యాకాశమున తేలు ధూళి, ఇవి మన కిటికీనుండి కనబడునవి. వీనిలో ప్రతిదానియందును కొలువవలసిన చర్యలున్నవి. కొలుచుట నేర్చినవాడు మనవాడైనచో ఆ ప్రశ్న పుట్టును. అందుచేత జీతమును వేళకిమ్మని పాలకులను గట్టిగా నడుగుదము. ఇంటిలో మాత్రము "ఇంకను చదువేనా" యని యా బిడ్డను పండుగనాడు అన్నముముందు నిలువదీయకుందము. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక ఊరికి వచ్చుట మానుకొన్నవారిని మే మెరుగుదుము.

ఇక మా యింటిమాట, అనగా పాఠశాలల మాట. ఈ విద్యకు కావలసినది చేయి, కన్ను, గడియారము. మేము ట్రెయినింగు కాలేజీలో నేర్చిన మొదటి సూత్రము, చూపి చెప్పుమనుట. మన పాఠశాలలలో సామాన్యముగా జరుగునది, చెప్పి వ్రాయించుట. ప్రయోగపు నోటుపుస్తకములో అంకెలు అన్నయ్య నోటుపుస్తకమునుండి తమ్ముని నోటుపుస్తకములోనికి దిగుచున్నవి. ప్రయోగము చేయనివాని కంకెలు చక్కగా సరళరేఖమీద పడును. చేసినవాని యంకెలు అటునిటు చెదరును. మార్కులు మొదటివానికే వచ్చును. ఇట్లు పదియేండ్లు పెరిగిన పిల్లవానికి, నీలిరంగు ఆలస్యముగా వచ్చిన కుప్పెను పారబోయుటయే తోచును గాని, సుబ్బారావుగారివలె ఆగి చూచుట తోచునా?

మా తరగతులకు తగినది యొకటి సూచించుచున్నాము. ఫోటోలు కడుగువారు హైపో యని పిలిచిన ఉప్పు, సోడియము థయోసల్ఫేటు, చౌకగా దొరకును. దానిని నీటిలో కరగించి బీకరులో పోసి, క్రింద కాగితముమీద నల్లగా నొక గుణకారపు గుర్తు గీసి, పలుచని హైడ్రోక్లోరికామ్లము కలుపవలెను. కొంతసేపటికి గంధకము విడివడి ద్రవము పాలవలె మారి గుర్తు కనబడకుండ పోవును. ఎన్ని సెకనులు పట్టెనో వ్రాసికొనవలెను. వేడి పది డిగ్రీలు పెరిగిన చర్య సుమారు రెండు రెట్లు త్వరపడును. చల్లని యూళ్లలో దీనికి పొయ్యి కావలయును. మనకు దేవుడిచ్చిన పొయ్యి పైననే యున్నది! జనవరి యుదయమున నీరు 20 డిగ్రీల దగ్గర నుండును. ఏప్రిలు మధ్యాహ్నమున ఎండలో నుంచిన నీరు 40 డిగ్రీలకు చేరును. అదే ద్రవములు, అదే బీకరు, అదే పిల్లలు. కాలము సుమారు నాలుగవవంతునకు దిగును. రెండు దినముల యంకెలను, చెదిరినవి చెదిరినట్లే, ఒకే కాగితముమీద గీసి తరగతి గోడకు అంటించవలెను. ఎవరి యంకె చెదరినదో, ఏల చెదరినదో వారిచేతనే చెప్పింపవలెను.

దీనికి కావలసినవి నాలుగు బీకరులు, ఒక థర్మామీటరు, సెకనులముల్లు గల గడియారము. కిటికీలు తెరచియుంచవలెను, మండిన గంధకపు వాసనగల వాయువు కొంచెము వెలువడును. పిల్లలు కన్నులకు అద్దములు పెట్టుకొనవలెను. జనవరి తరగతిని తొమ్మిదవ తరగతివారితో మొదలుపెట్టుటకు మేము సిద్ధముగా నున్నాము. బీకరులు అల్మరాలోనే యున్నవి. దాని తాళపుచెవి యెవరియొద్ద నున్నదో మా సహోపాధ్యాయులందరు నెరుగుదురు.